దీక్షలు - దినచర్యలు

గురజాడ అప్పారావుగారి 'దేశభక్తి' గేయాన్ని నేను ఇరవైయేడు సంవత్సరాలుగా తరగతులలో బోధిస్తున్నాను. ఆ గేయంలో తిండికీ కండకూ ఆయన ముడిపెట్టిన చోటు ఒకటి ఉన్నదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మూడేండ్ల క్రిందట ఒకనాడు, మధ్యాహ్నభోజనం తరువాతి తరగతిలో, ఆ చోటును కొంత ఆవేశంతోనే వ్యాఖ్యానిస్తున్నాను. ముందువరుసలో కూర్చున్న విద్యార్థి ఒకడు నా ముఖం వంక గాక, కొంచెం దిగువగా, చొక్కా గుండీలు బిగిసి ఉన్న ప్రదేశం వంక చూచి, పక్కవాణ్ణి మోచేతితో పొడిచి నవ్వాడు. నేను మందలించలేదు. మందలించడానికి నోరు రాలేదు. వాడు గేయాన్ని చక్కగా అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకోనివాణ్ణి నేనే.

ఆ నెలలోనే మా కళాశాలలో అధ్యాపకులకు ఆరోగ్యపరీక్షలు జరిపారు. మూడు నెలల చక్కెర సగటును తెలిపే రక్తపరీక్షలో నాకు 6.3 వచ్చింది. 6.5 వస్తే మధుమేహమే. "మీరింకా గడప దాటలేదు మాస్టారూ, గడపమీద నిలబడ్డారు" అన్నాడు వైద్యుడు. అతడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. గడపమీద నిలబడరాదని మనకు చిన్ననాటినుంచీ ఇంట్లో పెద్దలు చెబుతూనే ఉంటారు. అయినా నిలబడేవారికి కొదువ లేదు. మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నదనీ, మరి 13.6 కోట్లమంది దాని అంచున ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే ఆధారంగా 2023లో అంచనా కట్టారు. వారిలో కూర్చుని జీతం సంపాదించే నాబోటివారు ఎందరో ఉండి ఉంటారు.

అన్నం తగ్గించాలి, ఒళ్లు కదిలించాలి అన్న సంగతి తెలియని ఉద్యోగస్థుడు ఈ దేశంలో ఉన్నాడని నేను అనుకోను. కాబట్టి ఇది తెలియకపోవడంవల్ల వచ్చిన కష్టం కాదు. తెలిసినదానిని నిలుపుకోలేకపోవడంవల్ల వచ్చినది. ఎందుకు నిలుపుకోలేకపోతున్నామన్నదే ఈ వ్యాసంలో నా విచారణ. దీనికి దృష్టాంతం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. నా వైఫల్యాలే మూడు ఉన్నవి.

మొదటిది నడక. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, గోదావరి గట్టున రోజుకు పదివేల అడుగులు నడిచి తీరుతానని సంకల్పించాను. అడుగులు లెక్కపెట్టే గడియారం ఒకటి కొని మణికట్టుకు తగిలించుకున్నాను. ఇరవైరోజులు గడిచాయి. ఇంతలో పరీక్షల కాలం వచ్చింది. జవాబుపత్రాలు దిద్ది రాత్రి పన్నెండింటికి పడుకున్నవాడు నాలుగున్నరకు లేవడం కుదిరే పని కాదు. ఒకరోజు మానాను. "ఎలాగూ వ్రతభంగమైంది గదా" అని మరునాడు మానాను. తరువాత గడియారం సొరుగులోకి చేరింది.

రెండవది వ్యాయామశాల. ఏడాది రుసుము ఒకేసారి కడితే మూడవవంతు తగ్గిస్తామన్నారు. కట్టాను. పదిహేడురోజులు వెళ్లాను. ఇరవైయేండ్ల కుర్రవాళ్లతో పోటీపడి బరువులెత్తి, నడుము పట్టివేసి, తక్కిన రుసుమును వారికే ధారపోశాను.

మూడవది పథ్యం. పిండిపదార్థాలను పూర్తిగా విసర్జించి, కొవ్వుతో కాలక్షేపం చేసే పద్ధతి ఒకటి కొన్నేండ్ల క్రిందట మన పట్టణాలలో విరివిగా ప్రచారమయింది. నలభైయొక్క రోజులు అన్నం మొగం చూడలేదు. ఆరు కిలోలు తగ్గాను. బంధువులు మెచ్చుకున్నారు. సంక్రాంతి వచ్చింది. అరిసెలు వచ్చాయి. ఉగాది నాటికి ఏడు కిలోలు పెరిగాను. ఆ ఒక్క కిలో వడ్డీ అనుకోవాలి.

ఈ మూడింటికీ సామాన్యధర్మం ఒకటి ఉన్నది. మూడూ దీక్షలే. దీక్ష మన జీవితంలో గొప్ప విషయం. కార్తిక మార్గశిర మాసాలలో నల్లబట్టలు ధరించి, నేలమీద పడుకుని, ఏకభుక్తం చేసే అయ్యప్పభక్తులను చూచి నేను ఏటా ముచ్చటపడతాను. కాని దీక్షకు ఒక మొదలు ఉంటుంది, ఒక తుది ఉంటుంది. దానికొక వేషం, ఒక ప్రత్యేకత, నలుగురి గౌరవం ఉంటాయి. మాల తీసిన మరునాడు మనిషి తిరిగి మామూలు మనిషి అవుతాడు. దీక్షకు అదే శోభ. దేహరక్షణకు తుది లేదు. మాల తీసే రోజు లేని పనికి మాల వేసుకోవడమే మనవారు చేస్తున్న పొరపాటు.

ఈ భేదం మన పూర్వులకు తెలియనిది కాదు. సుమారు ఏడవ శతాబ్దినాటి వాగ్భటుని 'అష్టాంగహృదయం'లో రెండవ అధ్యాయానికి 'దినచర్య' అని పేరు. మూడవది 'ఋతుచర్య'. గ్రంథం మొదటి అధ్యాయాలలోనే మనిషి రోజు ఎట్లా గడవాలో చెప్పాడు. అందులో వ్యాయామానికి పెట్టిన హద్దు నన్ను ఆశ్చర్యపరచింది. బలవంతుడైనవాడు కూడా, చలికాలంలోనూ వసంతంలోనూ కూడా, తన శక్తిలో సగంవరకే వ్యాయామం చేయాలట. తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువ. అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా విడిచిపెట్టరాదనీ, పాదం చొప్పున, అంటే నాలుగోవంతు చొప్పున విడుస్తూ రావాలనీ ఏడవ అధ్యాయంలో చెప్పాడు. మొదటిరోజే పూర్తిశక్తితో బరువులెత్తి, మొదటిరోజే అన్నాన్ని సమూలంగా త్యజించిన నాకు, వాగ్భటుని చదివినపుడు ఆయన నన్ను ఎరిగే వ్రాశాడేమో అనిపించింది.

వెయ్యేండ్లనాటి మాటను నేటివారు ఒప్పుకుంటారా అని సందేహించేవారికి నేటి మాటే చెబుతాను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొందరు 96 మందిచేత తలా ఒక చిన్న అలవాటును ఎన్నుకోమన్నారు. ఫలహారం తరువాత ఒక పని, భోజనానికి ముందు ఒక పని - ఇట్లా రోజూ జరిగేదానికి ముడిపెట్టి చేయమన్నారు. 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ పని తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి కొందరికి 18 రోజులు పట్టగా, కొందరికి 254 రోజులు పట్టేట్టు లెక్కకు వచ్చింది. నడిమి సంఖ్య 66. ఇరవైయొక్క రోజులలో అలవాటు స్థిరపడుతుందని చెప్పేవారి మాటకు ఇందులో ఆధారం లేదు. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు చెదరలేదు. "వ్రతభంగమైంది గదా" అని నేను గడియారాన్ని సొరుగులో వేసిన రోజు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. వ్రతానికి భంగం ఉంటుంది గాని దినచర్యకు భంగం ఉండదు. ఒకరోజు స్నానం తప్పితే స్నానవ్రతం చెడిందని ఎవరైనా ఆ తరువాత స్నానం మానివేస్తారా?

ఆ పదివేల అడుగుల కథ కూడా తెలుసుకోదగినదే. ఆ సంఖ్య వైద్యులు నిర్ణయించినది కాదు. టోక్యో ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపానులో ఒక వ్యాపారసంస్థ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మాపకం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. అమ్మకపు సరుకు పేరు మనకు ఆరోగ్యసూత్రమై కూర్చున్నది. అమెరికాలో వయసు మళ్లిన స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్న 4,400 అడుగులు వేసేవారిలోనే మరణాలు గణనీయంగా తగ్గి కనిపించాయి. 7,500 దగ్గర ఆ తగ్గుదల నిలిచిపోయింది. పదివేలు నడిచేవారిని మానమని నా అభిప్రాయం కాదు. పదివేలు కుదరదని నాలుగువేలు కూడా మానిన నాబోటివారికి ఈ మాట.

మరి ఉద్యోగికి తీరిక ఏది? ఇక్కడే మనం ఆలోచించవలసి ఉన్నది. వ్యాయామం పనికి వెలుపల, తీరికలో, ప్రత్యేకంగా చేయవలసిన కార్యమని మనం భావిస్తున్నాము. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించాడు. ఆ రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. టికెట్లిచ్చే కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. గుండెజబ్బు డ్రైవర్లకన్న కండక్టర్లలో తక్కువగా కనిపించింది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కొంత లావుపాటివారని తరువాత మోరిసే వారి ఏకరువు దుస్తుల కొలతలు చూచి చెప్పాడు గనుక మొత్తం ఘనతను మెట్లకే కట్టబెట్టరాదు. అయినా పనిలోని కదలికకు విలువ ఉన్నదన్న సంగతి ఆనాటినుంచి నిలిచింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినదీ అదే. వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థపు శ్రమ కావాలి, రెండురోజులు కండరాలకు బలం చేకూర్చే పని కావాలి. ఏ కొద్ది కదలిక అయినా లెక్కకు వస్తుంది. మధ్యస్థమంటే ఎంత అన్నదానికి ఒక కొలమానం ఉన్నది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. తెలుగు మాస్టరు భాషలో చెప్పాలంటే, పద్యానికి తాత్పర్యం చెప్పగలగాలి, రాగం తీయలేకపోవాలి.

నేను నా రోజును పరిశీలించుకున్నాను. మా ఇంటికీ కళాశాలకూ రెండు కిలోమీటర్లు. ఇన్నేండ్లూ స్కూటరు మీద వెళ్లాను. ఇప్పుడు ఉదయం నడిచి వెళుతున్నాను. ఇరవైయైదు నిమిషాలు పడుతుంది. వారానికి ఆరు పనిదినాలు. ఆరు ఇరవైయైదులు నూటయాభై. తెల్లవారుజామున లేవనక్కరలేదు, సంకల్పం చెప్పుకోనక్కరలేదు. కళాశాలకు ఎట్లాగూ వెళ్లక తప్పదు గదా! సాయంకాలం సహాధ్యాపకుడు తన బండి మీద దింపుతాడు. ఎండలు ముదిరిన నెలలలో ఆ నడకను పొద్దుగూకిన తరువాత గోదావరి గట్టుకు మార్చుకున్నాను. ఋతుచర్య అన్నమాట. ఇక కండబలానికి వారంలో రెండుసార్లు, స్నానానికి ముందు పది నిమిషాలు, గోడకు చేతులు ఆన్చి దండీల వంటివి, కుర్చీలో కూర్చుని లేవడం, కొన్ని గుంజీలు. బడిలో పంతుళ్లు శిక్షగా తీయించిన గుంజీలను ఈ వయసులో నాకు నేనే విధించుకుంటానని ఊహించలేదు. కోడి రామమూర్తిగారి వంటి మహాబలుడు మన జాతికి గర్వకారణం. కాని సామాన్య ఉద్యోగి ఆయనను ఆదర్శంగా పెట్టుకుంటే మూడవరోజున మంచమెక్కుతాడు. మనకు కావలసింది ఏనుగును రొమ్ముమీద నిలుపుకునే బలం కాదు, బియ్యపుబస్తాను పక్కకు జరిపే బలం.

ఆహారం సంగతి ఇంతకన్న సున్నితమైనది. మనకు భోజనం అంటే అన్నమే. "అన్నం తిన్నారా" అని గాని "కూర తిన్నారా" అని ఎవరూ పలకరించరు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చిన తరువాత, జొన్నలూ రాగులూ తినే ఇండ్లలోకి కూడా తెల్లబియ్యం సమృద్ధిగా చేరింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని ఆక్షేపించే అర్హత కడుపు నిండినవానికి లేదు. కాని అన్నం కొదువైననాడు ఏర్పడిన ఆశ అన్నం సమృద్ధి అయిననాడు కూడా మనలను వదలలేదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటి జొన్నకూటిని ఎంతగా ఎగతాళి చేశాయో సాహిత్యవిద్యార్థులు ఎరుగుదురు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత అదే జొన్న సంపన్నుల పళ్లేలలో సన్మానం పొందుతున్నది. సంతోషమే. కాని జొన్నరొట్టె ఆరోగ్యకరమని విని ఆరు రొట్టెలు తింటే జొన్న మాత్రం ఏమి చేస్తుంది?

కనుక ప్రశ్న ఏ ధాన్యమన్నది మాత్రమే కాదు, ఎంత అన్నది కూడా. కుక్షిని నాలుగు భాగాలు చేసి రెండు భాగాలు అన్నంతో, ఒక భాగం ద్రవంతో నింపి, నాలుగవ భాగాన్ని ఖాళీగా విడవాలన్నాడు వాగ్భటుడు. 1958 నుండి హైదరాబాదులో పనిచేస్తున్న జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలన్నారు. ఒకరు కడుపును విభజించారు, ఒకరు పళ్లేన్ని విభజించారు. నేను పాదం లెక్కను పట్టుకున్నాను. నాలుగు గరిటెల అన్నం తినేవాణ్ణి. మొదటినెల మూడు చేశాను, పప్పు ఒక గరిటె పెంచాను. మూడవనెలకు రెండు చేశాను, కూర రెట్టింపు చేశాను. నాలుక అలిగే అవకాశం ఇవ్వలేదు. పెరుగన్నం మానలేదు. పెరుగన్నం లేని పథ్యం ఆంధ్రుని ఇంట ఎన్నాళ్లు నిలుస్తుంది?

నా అసలు శత్రువు భోజనం కాదని కూడా అప్పుడే తెలిసింది. పన్నెండున్నరకు క్యారేజీ తిన్నవానికి నాలుగున్నరకు ఆకలి వేస్తుంది. కళాశాల వాకిట్లో మిరపకాయ బజ్జీల బండి ఉంటుంది. ఆ గంటలో మనోనిగ్రహాన్ని నమ్ముకోవడం అవివేకం. సంచిలో గుప్పెడు శనగ గుగ్గిళ్లు పెట్టుకుని పోవడమే వివేకం. ఆకలివేసిన తరువాత చేసే ఆలోచనకన్న ఆకలి వేయకముందు చేసిన ఏర్పాటు బలమైనది.

ఇంతవరకు వ్రాసి ముగిస్తే ఇది ఆత్మస్తుతి అవుతుంది. చెప్పవలసిన సంగతి ఇంకొకటి మిగిలి ఉన్నది. నిజానికి అదే ముందుగా చెప్పవలసింది.

మా ఇంటావిడ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. నేను కొవ్వు పథ్యంలో ఉన్న నలభైయొక్క రోజులూ ఆమె రెండు వంటలు చేసింది. నా కూరలు వేరు, అత్తగారికీ పిల్లవాడికీ వేరు. నేను గట్టున పదివేల అడుగులు లెక్కపెడుతున్న వేళ ఆమె వంటింటిలో అడుగులు లెక్కపెట్టకుండా తిరుగుతూ ఉన్నది. మిగిలిన అన్నం పారవేయలేక తాను తినేది. ఈ సంగతులు అప్పట్లో నా దృష్టికి రాలేదు. నా రక్తపరీక్ష 6.0కి దిగిన రోజున, ఉత్సాహంకొద్దీ, "నీవు కూడా ఒకసారి చూపించుకో" అన్నాను. "నాకేమిటండీ, నేను ఒకచోట కూర్చుంటే గదా" అన్నది. బలవంతంమీద వచ్చింది. ఆమెకు 7.2 వచ్చింది.

నేను గడపమీద నిలబడి ఊరంతటికీ చెప్పుకున్నాను. ఆమె ఎప్పుడో గడప దాటిపోయింది. చూచినవారు లేరు.

ఆ రోజు ఇంటికి వచ్చిన తరువాత చాలాసేపు నాకు మాట రాలేదు. ఆమె మాత్రం మామూలుగా వంటింటిలోకి వెళ్లింది. వెనుకనే వెళ్లి, "రేపటినుంచి ఒకే వంట, అందరికీ" అన్నాను. "అత్తయ్య ఒప్పుకోరు" అన్నది. "అమ్మతో నేను చెబుతాను" అన్నాను. చెప్పాను. ఎనభైయేండ్ల మా అమ్మ, "మా కాలంలో కూర కొనలేక అన్నం ఎక్కువ తిన్నాము. కూరే పెడతానంటే వద్దనేదెవరురా!" అన్నది. అంత తేలికైన మాటను ఇన్నేండ్లుగా ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు రాత్రి భోజనాలైన తరువాత మరునాటి కూరలు నేను తరుగుతాను. అందువల్ల ఉదయం ఆమెకు అరగంట మిగిలింది. పాఠశాలకు పోయే ఆటోను ఒక కూడలి ముందే దిగి నడుస్తున్నది. వైద్యుడిచ్చిన మాత్రలు వేసుకుంటున్నది. నడక మాత్రకు బదులు కాదని ఇద్దరికీ అతడు గట్టిగా చెప్పాడు. రాత్రిళ్లు ఇద్దరం గట్టుదాకా పోయి వస్తాము. కొన్నిరోజులు పోము. అతిథులు వస్తారు, వాన వస్తుంది, ఒక్కొక్కసారి ఊరికే బద్ధకం వస్తుంది. మరునాడు పోతాము.

ఈ పద్ధతి అందరికీ ఇంత సులువుగా అమరదని నాకు తెలుసు. హైదరాబాదులో రాత్రి ఉద్యోగాలు చేసే నా పూర్వవిద్యార్థులున్నారు. వారికి ఉదయమే అర్ధరాత్రి. కాలిబాట లేని వీధులలో నడక ప్రాణగండం. పాలకులు చేయవలసిన పనిని వ్యక్తి సంకల్పబలంమీదికి నెట్టడం న్యాయం కాదు. అయినా రాత్రి ఉద్యోగికి కూడా తప్పక చేసే పని ఒకటి ఉంటుంది - ఎక్కే మెట్లు, దిగే బస్సు, తెరిచే భోజనపుడబ్బా. గడియారాన్ని గాక ఆ పనిని పట్టుకుని దానికి ఒక చిన్న నియమాన్ని కట్టమని మాత్రమే నా మనవి. నియమాన్ని పరీక్షించడానికి మంచిరోజును చూడకండి. నిద్ర చాలని, పని తెమలని, మనసు బాగులేని రోజున కూడా అందులో కొంతైనా నడిస్తే అది మీది. మీకోసం ఇంట్లో మరొకరు తన నిద్రనో తన భోజనాన్నో వదులుకుంటే గాని నడవకపోతే, అది మీ నియమం కాదు, వారి శ్రమ.

ఈ ఏడు కూడా 'దేశభక్తి' పాఠం చెప్పాను. ఉదరం పూర్తిగా పోలేదు. గుండీలు మాత్రం కొంత సుఖంగా ఉన్నవి. ముందువరుసలో ఎవరూ నవ్వలేదు. పాఠం ముగిసిన తరువాత ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మీరు రోజూ నడిచి వస్తారట గదా, మా నాన్నకు కూడా చక్కెర ఉన్నదండీ" అన్నది. అడిగినదానికి నాకు తెలిసినంతవరకు సమాధానం చెప్పాను. చెప్పి, "మీ అమ్మకు ఎంత ఉన్నదో ఎప్పుడైనా చూపించారా?" అని అడిగాను.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, లేదన్నది.